రక్తం తెమ్మని అడిగే ముందు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



తుంటి కీలు మార్పిడికి తేదీ ఖరారైన కుటుంబం ఆస్పత్రిలో తొలుత వినే మాటల్లో "రక్తం ఏర్పాటు చేసుకోండి" అన్నది ఒకటి. ఆ మాటతో భారమంతా అటెండెంట్ల మీద పడుతుంది. దూరపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఊళ్లో కుర్రాళ్లకు ఫోన్లు చేస్తారు, వాట్సాప్‌లో మెసేజీలు పెడతారు, దాత దొరికేదాకా బ్లడ్ బ్యాంకు మెట్ల మీద కూర్చుంటారు. డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతి సుప్రీంకోర్టు తీర్పు మేరకు 1998 జనవరి నుంచి నిషిద్ధం. రోగి తరఫువాళ్లే బదులు రక్తం ఇచ్చే పద్ధతిని కూడా క్రమంగా తొలగించాలని 2002 నాటి జాతీయ రక్త విధానం చెప్పింది. అయినా ఆ పరుగులు ఆగలేదు. మరిన్ని రక్తదాన శిబిరాలు పెట్టమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. రక్తం తెమ్మని అడిగే ముందు, రోగి ఒంట్లో ఉన్న రక్తం పోకుండా చేయగలిగినదంతా చేశామా అన్నది నా ప్రశ్న. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే పాత మందు, చౌక మందు, ఆ పని చేస్తుందని ఏనాడో రుజువైంది. అధిక రుతుస్రావానికి డాక్టర్లు రాసే మాత్ర ఇదే కాబట్టి మన మందుల షాపులకు ఇది కొత్త పేరు కాదు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల కింద జరిగే ప్రతి తుంటి మార్పిడిలోనూ ఈ మందు ఇవ్వడాన్ని మామూలు నియమం చేయండి. ఇవ్వకూడని రోగి అయితే ఆ కారణం కేస్‌షీటులో రాయించండి. నేను కోరేది ఇదే. ఎందుకు కోరుతున్నానో వివరంగా చెప్పనివ్వండి.

తుంటి ఆపరేషన్‌లో రక్తం పోవడం సర్జన్ చేతి లోపం కాదు, ఆ చోటి స్వభావం. మోకాలి మార్పిడిలో తొడకు పట్టీ బిగించి రక్తప్రవాహాన్ని కాసేపు ఆపే వీలుంది. తుంటి దగ్గర అలా బిగించడానికి చోటే లేదు. అరిగిపోయిన తొడ ఎముక తలను కోసి తీసేయాలి, కటి ఎముకలోని గిన్నెను గీకి సాపు చేయాలి, తొడ ఎముక లోపలి కాలువను తొలిచి లోహపు కాడను దించాలి. ఇలా కోసిన ఎముక నిండా సన్నని రంధ్రాలు, వాటన్నిటా రక్తం. రక్తనాళాన్నయితే దారంతో ముడి వేయవచ్చు, కరెంటుతో కాల్చి మూయవచ్చు. ఎముక మీద ఈ రెండూ పెద్దగా సాగవు. కుట్లు వేసి వార్డుకు పంపాక కూడా కండరాల మధ్య రక్తం ఊరుతూనే ఉంటుంది. గుడ్డల్లోకీ సీసాలోకీ వచ్చినది కంటికి కనబడుతుంది. తొడలో నిలిచిపోయినది మాత్రం మర్నాడో మూడోనాడో హిమోగ్లోబిన్ పరీక్షలోనే బయటపడుతుంది. దీనికి తోడు శరీరం గాయం తగిలిన వెంటనే రెండు పనులు మొదలుపెడుతుంది: రక్తాన్ని గడ్డ కట్టించడం, కట్టిన గడ్డను కరిగించడం. పెద్ద ఆపరేషన్ తర్వాతి తొలి గంటల్లో ఈ కరిగించే పని ఉద్ధృతంగా సాగుతుంది. తుంటి మార్పిడిలో పోయే రక్తంలో కొంత, కట్టిన గడ్డ ముందే కరిగిపోవడం వల్ల పోయేదే.

మందు పని చేసేది సరిగ్గా అక్కడే. రక్తపు గడ్డను పట్టి ఉంచేవి ఫైబ్రిన్ దారాలు. ప్లాస్మినోజెన్ అనే ప్రోటీన్ ఆ దారాల మీదున్న లైసిన్ దగ్గర అతుక్కుని, ప్లాస్మిన్‌గా మారి, దారాలను తెంపుతుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ లైసిన్‌ను పోలిన అణువు. ప్లాస్మినోజెన్ అతుక్కునే కొక్కేలను ముందే ఆక్రమించి దాన్ని దారాల దగ్గరికి చేరనివ్వదు. అంటే ఇది కొత్తగా కట్ట పోసే మందు కాదు, పోసిన కట్ట కోతకు గురికాకుండా కాసే మందు. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతాను, దీని మీద వచ్చే భయాల్లో పెద్దదానికి జవాబు ఇక్కడే మొదలవుతుంది.

ఈ మందును జపాన్‌లో ఉతాకో ఒకమోతో, షోసుకే ఒకమోతో దంపతులు కనిపెట్టి 1962లో ప్రకటించారు. యుద్ధానంతర జపాన్‌లో పరిశోధనకు డబ్బు లేక వాళ్లు రక్తాన్ని అంశంగా ఎంచుకున్నారు. నమూనాలు చాలకపోతే తమ రక్తమే తీసుకోవచ్చన్నది వాళ్ల ఆలోచన. బిడ్డను వీపున కట్టుకుని ప్రయోగశాలలో పని చేసిన ఉతాకో కోరుకున్నది ప్రసవానంతర రక్తస్రావంతో తల్లులు చనిపోకుండా ఈ మందు ఉపయోగపడాలని. అందుకు పెద్ద రుజువు 2017లో గానీ రాలేదు. ఆమె 2016లోనే కన్నుమూశారు. విచిత్రమేమిటంటే, ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్‌లో జాన్ చార్న్‌లీ గట్టి పాలిథీన్ గిన్నెతో ఆధునిక తుంటి మార్పిడికి రూపం ఇచ్చింది కూడా 1962లోనే. ఒకే ఏడాది పుట్టిన ఆపరేషనూ మందూ ఒకచోట కలవడానికి దశాబ్దాలు పట్టింది. స్వీడన్ వైద్యులు 1990లలో కీళ్ల మార్పిడిలో దీన్ని పరీక్షించాక గానీ ఎముకల వైద్యులు దీనివైపు గట్టిగా చూడలేదు. పేటెంటు తీరిపోయిన చౌక మందును ఊరూరా ప్రచారం చేసే కంపెనీ ఉండదు. దాని తరఫున మాట్లాడాల్సింది ప్రభుత్వాలే. మీకు రాయడానికి ఒక కారణం అదే.

ఇక రుజువులు. తుంటి మార్పిడి మీద జరిగిన 11 పరీక్షలను కలిపి 2011లో ఒక బ్రిటిష్ ఎముకల వైద్య పత్రికలో ప్రచురించిన విశ్లేషణ, ఈ మందు ఇచ్చినవాళ్లలో మొత్తం రక్తనష్టం సగటున 289 మిల్లీలీటర్లు తగ్గిందని, రక్తం ఎక్కించాల్సి వచ్చినవాళ్లు ప్రతి నూరు మందిలో ఇరవై మంది దాకా తగ్గారని తేల్చింది. అన్ని రకాల ఆపరేషన్లనూ కలిపి, 129 పరీక్షల్లోని 10,488 మంది రోగుల వివరాలతో 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మరో విశ్లేషణ, రక్తం ఎక్కించే అవసరం మూడో వంతుకు పైగా తగ్గుతుందని చెప్పింది. అదే వ్యాసం మరో మాట కూడా అంది: ఈ ఫలితానికి చాలినంత రుజువు అప్పటికి పదేళ్ల ముందే పోగుపడింది. అంటే తెలిసిన సంగతినే మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ కాలం గడిపాం, ఆ కాలంలో ఎంతోమంది రోగులకు అక్కర్లేని రక్తం ఎక్కించాం. అమెరికాలో 510 ఆస్పత్రుల్లో 2006 నుంచి 2012 దాకా తుంటి, మోకాలి మార్పిడి చేయించుకున్న 8,72,416 మంది రికార్డులను చూస్తే, మందు తీసుకున్నవాళ్లలో 7.7 శాతానికి, తీసుకోనివాళ్లలో 20.1 శాతానికి రక్తం ఎక్కించారు. ఇది రోగులను చీటీ వేసినట్టు విడదీసి చేసిన పరీక్ష కాదు, ఉన్న రికార్డులను పోల్చినది. అందుకే ఒక్క దీని మీదే నేను ఆధారపడను. కానీ పరీక్షల్లో కనబడిన ఫలితం మామూలు ఆస్పత్రుల రోజువారీ పనిలోనూ కనబడుతోందని ఇది చెబుతోంది. బ్రిటన్ జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ 2020లో కీళ్ల మార్పిడి మార్గదర్శకాల్లో ఈ మందును చేర్చింది. అమెరికాలోని ఎముకల, మత్తు వైద్యుల సంఘాలు 2018లో ఉమ్మడిగా దీన్ని సమర్థించాయి. రక్తస్రావ గాయాల చికిత్స కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే అత్యవసర మందుల జాబితాలో పెట్టింది. మన దేశపు అత్యవసర మందుల జాబితాలోనూ ఇది ఉంది.

289 మిల్లీలీటర్లంటే ఎంత అని ఎవరైనా పెదవి విరవవచ్చు. యాభై కిలోల బరువున్న స్త్రీ ఒంట్లో ఉండే రక్తం మొత్తం సుమారు మూడుంపావు లీటర్లు. అందులో 289 మిల్లీలీటర్లంటే తొమ్మిది శాతం. మన బ్లడ్ బ్యాంకులు దాత నుంచి ఒకసారికి సేకరించేది ఎక్కువగా 350 మిల్లీలీటర్ల సంచి. దాదాపు ఒక దాత ఇచ్చినంత రక్తం రోగి ఒంట్లోనే మిగులుతోందన్న మాట. ఇక ఆ స్త్రీ ఆస్పత్రికి ఏ స్థితిలో వస్తుందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తుంటి మార్పిడికి వచ్చే స్త్రీలలో చాలామంది ఆ వయసు దాటినవాళ్లే అయినా, అదే తిండి, అదే లేమి వాళ్లవీ. హిమోగ్లోబిన్ 13తో ఆపరేషన్ బల్ల ఎక్కిన మనిషి మూడు పాయింట్లు పోగొట్టుకున్నా 10 దగ్గర నిలబడతాడు. 10తో ఎక్కినవాళ్లు అదే మూడు పాయింట్లు పోతే 7 దగ్గర, రక్తం ఎక్కించక తప్పని చోట ఉంటారు. పాశ్చాత్య దేశాల పరీక్షల్లో కనబడిన లాభం మన దగ్గర తగ్గకపోగా పెరగడానికే కారణాలున్నాయని నా అభిప్రాయం. పైగా మన దగ్గర తుంటి మార్పిడి ముసలివాళ్లకే పరిమితమైన ఆపరేషన్ కాదు. రక్తప్రసరణ అందక తొడ ఎముక తల చచ్చిపోయే జబ్బుతో ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లు ఎంతోమంది వస్తున్నారు. స్టెరాయిడ్ల వాడకం, మద్యం, పాత గాయాలు, సికిల్ సెల్ వ్యాధి దీనికి తెలిసిన కారణాలు. వీళ్లకు జీవితంలో రెండోసారో మూడోసారో అదే తుంటికి ఆపరేషన్ తప్పకపోవచ్చు. ఎక్కించిన ప్రతి సీసా రక్తం వాళ్ల శరీరంలో ఇతరుల రక్తానికి విరుద్ధమైన యాంటీబాడీలు పుట్టే అవకాశాన్ని పెంచుతుంది. రేపటి ఆపరేషన్‌కు సరిపోయే రక్తం దొరకడం అంత కష్టమవుతుంది. మరో వైపు, అదే బ్లడ్ బ్యాంకు మీద తలసీమియా పిల్లలు ఆధారపడి ఉన్నారు. వాళ్లకు రక్తానికి బదులుగా ఇవ్వగలిగిన మాత్ర లేదు. తుంటి రోగికి అక్కర లేకుండా చేయగలిగిన సంచి ఆ పిల్లలకు మిగలాలి.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిదీ, న్యాయమైనదీ: "రక్తం గడ్డలు కట్టవా?" తుంటి మార్పిడి తర్వాత కాలి సిరల్లో గడ్డ కట్టి, అది ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీసే ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు రక్తం పలచబరిచే మందులు ఇస్తారు. ఒక చేత్తో పలచబరుస్తూ మరో చేత్తో గడ్డను కాపాడడమేమిటన్న సందేహం రోగికే కాదు, డాక్టర్లకూ వచ్చింది. జవాబు రెండు భాగాలు. ఒకటి, ఈ మందు గడ్డ కట్టించదు, గాయం దగ్గర కట్టినదాన్ని తొందరగా కరగనివ్వదు. ఒంట్లో దాని ప్రభావం గంటల్లోనే తగ్గిపోతుంది. పలచబరిచే మందుల పని ఆ తర్వాతి రోజులదీ వారాలదీ. రెండోది, సిద్ధాంతం కంటే ముఖ్యమైనది, పరీక్షల ఫలితం. నేను పైన చెప్పిన తుంటి మార్పిడి విశ్లేషణలో కాలి సిరల గడ్డలు, ఊపిరితిత్తుల గడ్డలు చెప్పుకోదగ్గంత పెరగలేదు. అమెరికా రికార్డుల్లో గడ్డల సమస్యలు మందు తీసుకున్నవాళ్లలో 0.6 శాతం, తీసుకోనివాళ్లలో 0.8 శాతం. గాయపడినవాళ్ల మీద 40 దేశాల్లో 20,211 మందితో జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 పరీక్షలో, మన దేశపు ఆస్పత్రులు కూడా పాల్గొన్న ఆ పరీక్షలో, మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి, రక్తనాళాలు మూసుకుపోయే ఘటనలు పెరగలేదు.

అయితే ఇక్కడ ఆగిపోతే నేను నిజం మొత్తం చెప్పినట్టు కాదు. గుండెది కాని ఆపరేషన్లు చేయించుకున్న 9,535 మందితో జరిగి 2022లో ప్రచురితమైన పాయిజ్-3 పరీక్షలో, తీవ్రమైన రక్తస్రావం 11.7 శాతం నుంచి 9.1 శాతానికి తగ్గింది. గుండె, రక్తనాళాల సమస్యలు మందు తీసుకున్నవాళ్లలో 14.2 శాతం, తీసుకోనివాళ్లలో 13.9 శాతం. తేడా చాలా చిన్నది. కానీ పరిశోధకులు తాము ముందుగా గీసుకున్న కఠినమైన గీతలోపల ఆ తేడా కచ్చితంగా ఉందని నిరూపించలేకపోయారు, ఆ మాటే రాశారు. జీర్ణాశయంలో రక్తస్రావమైన 12,009 మందికి రోజంతా ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసిన 2020 నాటి హాల్ట్-ఇట్ పరీక్షలోనైతే మరణాలు తగ్గలేదు, సిరల గడ్డలు 0.4 శాతం నుంచి 0.8 శాతానికి పెరిగాయి, మూర్ఛలూ పెరిగాయి. దీన్నిబట్టి నేను గ్రహించేది ఇది: ఈ మందు అన్ని రక్తస్రావాలకూ సర్వరోగ నివారిణి కాదు, తక్కువ మోతాదులో, తక్కువ సమయం, కోత పడే ముందు ఇచ్చినప్పుడు తుంటి మార్పిడిలో దాని లాభం స్పష్టం, ప్రమాదం స్వల్పం. ఇటీవలే గుండెలో స్టెంటు వేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, గతంలో ఊపిరితిత్తుల్లో గడ్డ చేరినవాళ్లు చాలా పరీక్షల్లో లేరు కాబట్టి, వాళ్ల విషయంలో సర్జనూ మత్తు డాక్టరూ కలిసి ఆలోచించి నిర్ణయించాలి. అందుకే నేను అందరికీ తప్పనిసరి అనలేదు. మామూలు నియమం అన్నాను, మినహాయింపుకు కారణం రాయాలన్నాను. ప్రమాదం ఉన్న కొద్దిమందిని చూపించి, ప్రమాదం లేని ఎక్కువమందికి మందు ఆపడం మాత్రం జాగ్రత్త అనిపించుకోదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన రెండు జాగ్రత్తలు ఇక్కడే చెప్పాలి. ట్రానెక్సామిక్ యాసిడ్‌ను శరీరం బయటికి పంపేది మూత్రపిండాల ద్వారానే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పీడిస్తోందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ప్రాంతం నుంచి తుంటి మార్పిడికి వచ్చిన రోగికి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా పూర్తి మోతాదు ఇస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది, మూర్ఛలకు దారితీయవచ్చు. బ్రిటన్ మార్గదర్శకాలు కూడా కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు మోతాదు తగ్గించమన్నాయి. మోతాదు పట్టిక నియమంలో భాగం కావాలి. రెండోది పాడేరు, ఆదిలాబాద్ వంటి ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో ఉన్న సికిల్ సెల్ వ్యాధి. తొడ ఎముక తల చచ్చిపోవడానికీ అదే కారణం, రక్తం చిక్కబడి నాళాలు మూసుకుపోయే స్వభావమూ దానిదే. వాళ్లకు రక్తం దొరకడం అన్నిటికంటే కష్టం, మందు విషయంలో ఆలోచనా అన్నిటికంటే ఎక్కువ అవసరం. ఇలాంటి రోగిని రక్త వ్యాధుల నిపుణుల సలహా లేకుండా బల్ల ఎక్కించకూడదు.

రెండో అభ్యంతరం సర్జన్ల వైపు నుంచి వస్తుంది: "మేం వాడుతూనే ఉన్నాం, ప్రభుత్వం మందుల చీటీలు రాయడం ఎందుకు?" చాలామంది వాడుతున్నారన్నది నిజమే, వాళ్లకు ఈ లేఖతో పని లేదు. కానీ రోగికి మందు అందడమన్నది ఆ రోజు ఏ యూనిట్ డ్యూటీలో ఉందో, స్టోరులో ఇంజెక్షన్ ఉందో లేదో, ఎవరు గుర్తుపెట్టుకున్నారో అన్నదాని మీద ఆధారపడకూడదు. కోతకు ముందు యాంటీబయాటిక్ ఇవ్వడాన్ని ఏ సర్జనూ తన స్వేచ్ఛకు భంగం అనుకోరు. ఆపరేషన్‌కు ముందు చదివే చెక్‌లిస్టులో అది ఉంది, ఎవరో ఒకరు అడుగుతారు, మరొకరు జవాబిస్తారు. ఈ మందుకూ ఆ వరసలో చోటు ఇస్తే చాలు. వేళ కూడా కీలకం. క్రాష్-2 రోగులలో గాయమైన మూడు గంటల తర్వాత మందు ఇచ్చినవాళ్లకు మేలు జరగకపోగా రక్తస్రావ మరణాలు పెరిగాయి. తుంటి మార్పిడి గాయం మనం చేసేదే, ఏ నిమిషాన చేస్తామో మనకు ముందే తెలుసు. కాబట్టి కోతకు ముందే ఇవ్వగలిగిన అవకాశం ఇక్కడ ఉంది. "రక్తం బాగా పోతోంది, ఇప్పుడు ఇవ్వండి" అని మధ్యలో కేకవేసే పద్ధతి పోవాలంటే, అది చెక్‌లిస్టులో ఉండాలి.

అన్ని అభ్యంతరాల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. దాన్ని దాచి ఈ నియమం అడగడం తప్పు. తుంటి మార్పిడి చాలావరకు వెన్నులో ఇచ్చే మత్తుతో జరుగుతుంది. ఆ మత్తుమందు ఆంప్యూలూ, ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంప్యూలూ కొన్ని తయారీల్లో చూపుకు ఒకేలా ఉంటాయి. రెండూ ఒకే ట్రేలో ఉన్నప్పుడు, ఒకదాని బదులు మరొకటి సిరంజిలోకి ఎక్కించి, రక్తనాళంలోకి వెళ్లాల్సిన ఈ మందును వెన్నులోకి ఇచ్చిన ఘటనలు అనేక దేశాల్లో జరిగాయి. ఫలితం ఘోరం: భరించలేని నొప్పి, ఆగని మూర్ఛలు, గుండె లయ తప్పడం. 2019లో ప్రచురితమైన ఒక సమీక్ష పరిశీలించిన 21 ఘటనల్లో పది మంది చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో దీని మీద ప్రత్యేక హెచ్చరిక జారీ చేసింది. ఈ మందును ప్రతి థియేటర్‌కూ చేరుస్తున్నప్పుడు ఈ పొరపాటుకు దారి మూయడం కూడా మీ బాధ్యతే అవుతుంది. అది ఖరీదైన పనేం కాదు. ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంప్యూలు మత్తుమందుల ట్రేలో గానీ, మత్తు డాక్టరు బండి మీద గానీ ఉండకూడదు. వేరే చోట, లేబుల్ పైకి కనబడేలా పెట్టాలి. వెన్నులో మత్తు ఇవ్వడం పూర్తయ్యాకే దాన్ని బయటికి తీయాలి. రెండు రాష్ట్రాల వైద్య సేవల మౌలిక సదుపాయాల సంస్థలు టెండరు పిలిచేటప్పుడు, మత్తుమందు ఆంప్యూలుకు దగ్గరి పోలిక లేని ప్యాకింగ్ ఉండాలన్న షరతు రాయవచ్చు. మరో దారి ఇంకా తేలిక. నోటి ద్వారా మాత్రల రూపంలో ఇచ్చినా తుంటి మార్పిడిలో ఫలితం ఇంజెక్షన్‌కు తీసిపోదని పరీక్షలు చూపాయి. అమెరికా సంఘాల మార్గదర్శకాలు కూడా నరంలోకి ఇచ్చినా, గాయంలో పోసినా, నోటితో ఇచ్చినా మేలు ఉందనే చెప్పాయి. ఆపరేషన్‌కు సుమారు రెండు గంటల ముందు వార్డులోనే మాత్రలు మింగిస్తే, ఆంప్యూలు తారుమారయ్యే ప్రశ్నే తలెత్తదు. మాత్ర మింగగలిగే రోగులకు దీన్నే మొదటి ఎంపిక చేయడం మన ప్రభుత్వ ఆస్పత్రులకు బాగా సరిపోతుందని నా గట్టి నమ్మకం.

ఈ నియమం వచ్చాక "మందు ఇస్తున్నాం కదా, రక్తహీనత గురించి ఆలోచించనక్కర్లేదు" అన్న ధోరణి కూడా రాకూడదు. తుంటి మార్పిడి రేపు మాపు చేయాల్సిన అత్యవసర ఆపరేషన్ కాదు. పడిపోయి విరిగిన కేసులు తప్పిస్తే వారాల వ్యవధి ఉంటుంది. ప్యాకేజీ అనుమతి కోసం ఎలాగూ పరీక్షలు చేయిస్తారు, ఆ రోజు హిమోగ్లోబిన్ తక్కువగా కనబడితే ఐరన్‌తో సరిచేయడానికి ఆ వారాలు చాలు. అలాగే, ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 10 కిందికి దిగిందని రక్తం ఎక్కించే పాత అలవాటునూ వదిలించుకోవాలి. తుంటి విరిగి ఆపరేషన్ చేయించుకున్న, గుండె జబ్బు లేదా దాని ముప్పు ఉన్న 2,016 మంది మీద అమెరికా, కెనడాలలో జరిగిన ఫోకస్ పరీక్ష 2011లో వెలువడింది. 10 దగ్గరే ఎక్కించినవాళ్లకూ, లక్షణాలు కనబడేదాకా లేదా 8 కిందికి దిగేదాకా ఆగినవాళ్లకూ మరణాల్లోగానీ రెండు నెలలకు నడవగలగడంలోగానీ తేడా లేదు. ఈ మూడూ, అంటే ముందు రక్తం పెంచడం, ఆపరేషన్‌లో పోకుండా చూడడం, తర్వాత అక్కర్లేకుండా ఎక్కించకపోవడం, కలిస్తేనే పూర్తి ఫలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రభుత్వాలన్నిటినీ కోరింది కూడా ఇదే. నేను మందుతో మొదలుపెట్టమంటున్నాను, మూడింటిలో రేపే అమలు చేయగలిగినది అది కాబట్టి.

ఖర్చు గురించి ఒక్క మాట. ఒక రోగికి కావలసిన ఇంజెక్షన్లు బయట షాపులో కొన్నా కొన్ని వందల రూపాయలు దాటవు, మాత్రలైతే ఇంకా తక్కువ. ఒక యూనిట్ రక్తానికి ప్రాసెసింగ్ చార్జీయే వెయ్యి రూపాయల పైమాట. అందులో దాత వదులుకున్న రోజు కూలీ, అటెండెంట్ల బస్సు చార్జీలు, రక్తం దొరక్క వాయిదాపడిన ఆపరేషన్, ఒక రోజు ఎక్కువ పట్టిన మంచం, ఏవీ లేవు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖ కింగ్ జార్జ్, గుంటూరు జనరల్ ఆస్పత్రుల ఎముకల, మత్తు, రక్తనిధి విభాగాల పెద్దలను ఒకచోట కూర్చోబెట్టి, రెండు పేజీలకు మించని నియమావళి రాయించండి. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఆలోచించి ఇవ్వాలి, కిడ్నీ జబ్బుకు మోతాదు ఎంత, ఆంప్యూలు ఎక్కడ ఉంచాలి అన్నవి అందులో ఉండాలి. పథకాల క్లెయిమ్ ఫారంలో ఒక్క గడి చేర్చండి: మందు ఇచ్చారా, ఇవ్వకపోతే ఎందుకు? పక్కనే మరో గడి: రక్తం ఎక్కించారా, ఎన్ని యూనిట్లు, ఏ హిమోగ్లోబిన్ దగ్గర? ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులకూ ఇది వర్తించాలి. డబ్బు ప్రజలది కాబట్టి అడిగే హక్కు మీకుంది. ఆరు నెలలకోసారి ఆ లెక్కలను ఆస్పత్రులవారీగా ప్రజల ముందు పెట్టండి. గడ్డల సమస్యలు ఎన్ని వచ్చాయో కూడా అందులో ఉండాలి, ఈ మందు మీద నా నమ్మకం తప్పయితే అది ఆ లెక్కల్లోనే తేలాలి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ పద్దు అక్కర్లేదు. మీ సంతకంతో ఒక ఉత్తర్వు కావాలి. దాన్ని ఈ సంవత్సరమే ఇవ్వండి.